గొలుసు నాట్యంలో బతికిన భాష

దీవుల గళాలు – 6వ భాగం

1817లో హాన్స్ క్రిస్టియన్ లింగ్‌బీ అనే డేనిష్ వృక్షశాస్త్రవేత్త ఫారో దీవుల్లో దిగాడు. వచ్చింది సముద్రపు నాచు కోసం. రాళ్లను అంటుకుని పెరిగే నాచు రకాలన్నీ ఏరి, ఆరబెట్టి, వర్గీకరించి ఒక గ్రంథం రాయాలని ఆయన కోరిక. ఆ గ్రంథం 1819లో వెలువడింది కూడా. అయితే ఊరూరా తిరుగుతున్నప్పుడు ఆయన చెవిన మరొకటి పడింది. ఆ దీవుల జనం చేతులు పట్టుకుని, వలయం కట్టి, ఏ వాద్యమూ లేకుండా గంటల తరబడి పాడుకుంటున్నారు. పాటలో కథ ఉంది. మహానాగును చంపిన సిగూర్డ్ అనే ప్రాచీన వీరుడి కథ. జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ తర్వాతి కాలంలో తన మహా సంగీత నాటకాలకు ఎత్తుకున్న ఇతివృత్తమే అది. ఐస్‌లాండ్‌లో పాత తోలుపుస్తకాల్లో మిగిలిన ఆ గాథ ఇక్కడ గొర్రెల కాపరుల నోట ప్రాణంతో ఉంది.

లింగ్‌బీ రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎలా రాయాలో చెప్పే వర్ణక్రమం ఆ భాషకు లేదు. విన్నది విన్నట్టు, తనకు తోచిన అక్షరాల్లో ఎక్కించుకున్నాడు. స్థానిక పాదిరి యోహాన్ హెన్రిక్ ష్రోటర్ లాంటివాళ్లు సాయం చేశారు. అలా పోగైన సిగూర్డ్ గాథలు 1822లో డెన్మార్క్‌లో పుస్తకంగా వచ్చాయి. ఫారో భాషలో అచ్చయిన మొట్టమొదటి పుస్తకం అదే. ఒక జాతి తన భాషలో తొలిసారి అచ్చులో చూసింది చట్టం కాదు, బైబిల్ కాదు, పంచాంగమూ కాదు. నాట్యం చేస్తూ పాడుకునే పాట. ఫారో దేశభక్తి సంగీతం చరిత్ర చెప్పాలంటే జాతీయ గీతంతో మొదలుపెట్టకూడదని నేననుకునేది ఇందుకే. గీతం పుట్టింది 1906లో. దాన్ని పాడే గొంతులు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే తయారయ్యాయి.

కిందటి భాగంలో ఈ దీవులు ఎలాంటివో చూశాం. నార్వే, ఐస్‌లాండ్, స్కాట్లండ్‌ల నడుమ ఉత్తర అట్లాంటిక్‌లో 18 దీవులు. మొత్తం కలిపినా 1,400 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. చెట్లు దాదాపు లేని నిటారు కొండలు, గొర్రెలు, పక్షులు, గాలి. 1801లో జనాభా అయిదు వేల పైచిలుకు మాత్రమే. 16వ శతాబ్దంలో లూథరన్ మత సంస్కరణ వచ్చాక చర్చి భాష డేనిష్ అయింది. న్యాయస్థానం, దొరతనం, చదువు అన్నీ డేనిష్‌లోకే పోయాయి. దాదాపు మూడు వందల ఏళ్లు ఫారో భాషలో ఎవరూ పుస్తకం రాయలేదు, రాయవలసిన పనీ పడలేదు. అన్ని వేల మంది మాత్రమే మాట్లాడే, రాత లేని, ప్రభుత్వం గుర్తించని భాష మామూలుగా ఏమవుతుంది? స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లండ్, ఆర్క్‌నీ దీవుల్లో ఇదే నార్వే మూలపు సోదర భాష ఉండేది. అది నశించిపోయింది. ఫారోలో నశించలేదు.

ఎందుకు నశించలేదంటే నేను చూపించే చోటు నాట్యం నేల.

చలికాలం రాత్రులు అక్కడ పొడవైనవి. ఇంటి మధ్య పొగగది ఉండేది; నడుమ నిప్పు, పైన పొగ పోయే కంత. సాయంత్రమైతే ఆడా మగా అందరూ అక్కడ చేరి ఉన్ని దువ్వడం, వడకడం, మేజోళ్లు అల్లడం. ఆ మేజోళ్లే దీవుల ప్రధాన ఎగుమతి. చేతులు పనిచేస్తుంటే నోరు కథ చెప్పేది, గాథ పాడేది. పిల్లలు వింటూ పెరిగేవారు. క్రిస్మస్ మర్నాడు మొదలుకొని ఉపవాస దినాలు వచ్చేదాకా నాట్యాల రుతువు. పెళ్లిళ్లలో సరేసరి.

ఈ నాట్యం చూడ్డానికి అతి సాదా. పక్కవాళ్ల చేతులు పట్టుకోవాలి. ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి. అంతే. జనం ఎక్కువై వలయం గదిలో పట్టకపోతే అది లోపలికి మడతలు పడుతుంది. పాములా మెలికలు తిరుగుతూ, ప్రతివాడూ ఏదో ఒక క్షణంలో ప్రతివాడి ముఖానికీ ఎదురుగా వచ్చి పోతాడు. డప్పు లేదు, వయొలిన్ లేదు. తాళం వేసేవి చెక్క నేల మీద పడే పాదాలు. పాట నడిపించేవాడిని 'షీపరి' అంటారు. మన ఊళ్ల భజనలో ముందు పాడేవాడు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకున్నట్టే, షీపరి చరణం ఎత్తగానే తెలిసినవాళ్లు కలుస్తారు, పల్లవి దగ్గర గది మొత్తం కలుస్తుంది. వందకు పైగా చరణాలున్న గాథలు ఎన్నో. వాటిని కంఠస్థం చేసిన షీపరికి ఊళ్లో ఎంత గౌరవమో చెప్పనక్కర్లేదు. ఈ గాథలనే 'క్వెయాయి' అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ గాథల్లో చాలావాటికి ఫారో దీవులతో సంబంధమే లేదు. సిగూర్డ్, నార్వే రాజులు, ఫ్రాన్స్ చక్రవర్తి షార్లెమేన్, ఆయన వీరుడు రోలాండ్. ఎక్కడెక్కడి కథలో. 'మా దేశం, మా గొప్ప' అన్న మాట ఎక్కడా వినిపించదు. అయినా వాటిని పాడుతున్నంతసేపూ జనం నోట ఉన్నది తమ భాష, తమ వ్యాకరణం, రోజువారీ మాటల్లో అరిగిపోయిన పాత పదాలు. దేశభక్తి అన్న ఊహ పుట్టకముందే దానికి కావలసిన సరంజామా అంతా ఆ వలయంలో సిద్ధమైపోయింది. చరిత్రకారులు పత్రాలు వెదుకుతారు, కట్టడాలు వెదుకుతారు. ఫారోలో వెదకవలసింది జ్ఞాపకంలో.

ఆ జ్ఞాపకాన్ని కాగితం మీదికి తెచ్చే ప్రయత్నం లింగ్‌బీ కన్నా ముందే ఒక ఫారో మనిషి చేశాడు. యెన్స్ క్రిస్టియన్ స్వాబో 1781-82లో దీవులన్నీ తిరిగి గాథలు సేకరించాడు, నిఘంటువు కూర్చాడు. ఆయన అభిప్రాయంలో ఈ భాష ఎటూ పోయేదే. పోయేలోగా నమూనా దాచిపెట్టాలి. ఆ రాతప్రతులు ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు. తర్వాత ఒకరి వెనుక ఒకరు రాసుకుంటూ పోయారు. స్వెండ్ గ్రుండ్‌విగ్, యోర్గెన్ బ్లాక్ అనే ఇద్దరు డెన్మార్క్‌లో కూర్చుని అన్ని ప్రతులనూ ఒకచోట చేర్చితే రెండు వందలకు పైగా గాథలు, వాటి పాఠాంతరాలన్నీ కలిపి పదుల వేల చరణాలు లెక్కకొచ్చాయి. ఒక పెద్ద తాలూకా జనాభా కూడా లేని జాతి ఇంత సాహిత్యాన్ని నోట్లో మోసుకొచ్చింది!

*

గాథలన్నీ పాతవే అనుకుంటే పొరపాటు. కొత్తవి పుడుతూనే ఉండేవి. అందులో ఒక రకం ఎగతాళి పాటలు. ఊళ్లో ఎవడైనా తెలివితక్కువ పని చేస్తే వాడి మీద రహస్యంగా పాట కట్టేవారు. నాట్యంలో ఇద్దరు బలశాలులు వాణ్ణి చెరోపక్కా చేతులు పట్టుకుని, పారిపోకుండా వలయంలో తిప్పుతూ, వాడి ముందే ఆ పాట పాడేవారు. జనానికి నచ్చితే ఆ పాట నిలిచిపోతుంది, మనవల దాకా వెంటాడుతుంది. ఊరి నీతిని కాపాడే పోలీసు కూడా నాట్యమేనన్నమాట. పాటకు అంత బలం ఉందని తెలిసిన జనంలో, ఆ బలాన్ని దొరల మీదికి తిప్పే మనిషి ఎప్పుడో ఒకప్పుడు పుట్టక తప్పదు.

ఆ మనిషి నోల్సోయర్ పాల్. 1766లో పుట్టాడు. నోల్సోయ్ దీవి రైతు కొడుకు, విదేశీ ఓడల్లో తిరిగివచ్చిన నావికుడు. ఆయన ఇంటికి వచ్చేసరికి దీవుల వాణిజ్యం మొత్తం డెన్మార్క్ రాజు గుత్తాధిపత్యం కింద ఉంది. ఉన్ని అమ్మాలన్నా, ధాన్యం కొనాలన్నా రాజుగారి దుకాణమే. సొంత ఓడ ఉన్న ఫారో మనిషి ఒక్కడూ లేడు. పాల్ కొందరు మిత్రులతో కలిసి, పగిలిపోయిన ఓడ కొయ్య కొని, 1804లో సొంత ఓడ కట్టి సముద్రంలో దించాడు. 'రోయిందిన్ ఫ్రీయా' దాని పేరు. అధికారులకు కన్నెర్రయింది. దొంగ సరుకు రవాణా చేశాడని అభియోగాలు, విచారణలు నడిచాయి.

పాల్ జవాబు పాటలో ఇచ్చాడు. 1806-07 కాలంలో ఆయన కట్టిన 'ఫుగ్లాక్వెయాయి' (పక్షుల గాథ) రెండు వందలకు పైగా చరణాల వలయ నాట్య గీతం. అందులో డేగలు, కాకులు, వేట పక్షులు డేనిష్ అధికారులు. చిన్న పిట్టలు ఫారో జనం. వేట పక్షి వస్తోందని గట్టిగా అరిచి చిన్న పిట్టలను హెచ్చరించేది ఎర్రముక్కు, నలుపు తెలుపు రెక్కల సముద్రతీరపు పిట్ట చాల్దుర్. ఆ చాల్దుర్ ఎవరో విన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఏ పక్షి ఏ అధికారో కూడా జనానికి తెలుసు. పేరు పెట్టి తిడితే నేరం; పక్షి కథ పాడుకుంటే ఏ చట్టం ప్రకారం పట్టుకుంటారు? నాట్యం జరిగిన ప్రతి గదిలో ఆ పాట తిరిగింది. ఫారో చరిత్రలో పాట రాజకీయమైన క్షణం ఇదే. ఇది లేకుండా తర్వాతి దేశభక్తి గీతాలు లేవు.

పాల్ చివరి రోజులు విషాదం. నెపోలియన్ యుద్ధాల్లో డెన్మార్క్ ఇంగ్లండ్‌కు శత్రువైంది. ధాన్యం ఓడలు ఆగిపోయి దీవుల్లో ఆకలి. తిండిగింజలు తేవడానికి ఆయనే బయల్దేరాడు. దారిలో ఇంగ్లీషువాళ్లకు చిక్కినా, లండన్ చేరి, తన జనం పరిస్థితి విన్నవించి, ధాన్యంతో ఓ ఓడ సంపాదించాడు. 1808-09 చలికాలంలో తిరుగు ప్రయాణంలో ఆ ఓడ సముద్రంలో కనబడకుండా పోయింది. గుత్తాధిపత్యం రద్దయింది 1856 జనవరి 1న. ఆయన పోయిన దాదాపు అర్ధ శతాబ్దానికి. చాల్దుర్ నేడు ఫారో జాతీయ పక్షి. అది వలస నుంచి తిరిగివచ్చే మార్చి 12ను జనం పండుగ చేసుకుంటారు. ఒక పాటలోంచి నేరుగా జాతి చిహ్నంలోకి ఎగిరిన పిట్ట ప్రపంచంలో ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు.

పాల్ తర్వాత పేరు చెప్పుకోవలసినవాడు యెన్స్ క్రిస్టియన్ జూర్హూస్. సముద్రపు ఒడ్డున పొలమున్న రైతు. ఆయన 1830 ప్రాంతంలో కట్టిన 'ఓర్మురిన్ లాంగి' 86 చరణాల గాథ. 1000వ సంవత్సరంలో నార్వే రాజు ఓలావ్ ట్రిగ్వాసన్ తన పెద్ద ఓడ మీద చేసిన ఆఖరి యుద్ధం అందులో కథ. దాని లయ పాదాలను ఊరుకోనివ్వదు. ఇప్పటికీ వలయంలో ఇది ఎత్తుకుంటే నేల అదురుతుంది. 2002లో 'టీర్' అనే ఫారో హెవీ మెటల్ బృందం దీన్ని గిటార్లతో పాడితే, పొగగది పాట కొత్త తరం చెవుల్లోకి మళ్లీ వచ్చింది.

ఇంకో గాథ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1835లో క్రిస్టియన్ ప్లోయెన్ 'గ్రిండావీసన్' అనే పాట రాశాడు. అది ఫారోవాసుల తిమింగలాల వేట గురించి. ప్లోయెన్ డెన్మార్క్ మనిషి, తర్వాత కొద్దికాలానికే దీవుల గవర్నరు అయ్యాడు. పాట డేనిష్ భాషలోనే ఉంది. ఈ వేట మీద ఇవాళ ప్రపంచమంతటా తీవ్రమైన అభ్యంతరాలున్నాయి, దీవుల్లోనూ చర్చ ఉంది. ఇక్కడ నా మాట పాట వరకే. దొరతనం చేసినవాడు, దొర భాషలో రాసిన పాట ఫారో జనం సొంత పాట అయిపోయింది. చర్చిలో వాళ్లు పాడుకునే కింగో కీర్తనలూ అంతే. 1699 నాటి డేనిష్ కీర్తనల పుస్తకం అది. డెన్మార్క్‌లో ఆ పాత పాడే తీరు మారిపోయింది. ఫారో పల్లెల్లో వాద్యం లేకుండా, సాగదీసి, మలుపులు తిప్పి పాడే పద్ధతి నోటి వాలుగా నిలిచింది. ఒక పాట ఎవరిదో తేల్చేది అది పుట్టిన చోటు కాదని, పాడుతున్న గొంతులేనని ఈ దీవుల చరిత్ర నాకు పదేపదే చెబుతుంది. స్వచ్ఛత పేరుతో పరాయివన్నీ ఏరి పారేసి ఉంటే ఫారో సంగీతంలో సగం పోయేది.

*

పాట ఉంది, భాష ఉంది. భాషకు హోదా లేదు. 1844లో డెన్మార్క్ సభల్లో ఫారో బడుల మీద చర్చ వచ్చినప్పుడు ఆ దీవుల్లో మాట్లాడేది అసలు భాషే కాదు, మాండలికం అన్న వాదన వినబడింది. దానికి పత్రికలో జవాబు రాసినవాళ్లలో 25 ఏళ్ల వేదాంత విద్యార్థి ఒకడున్నాడు. వెన్సెస్లాస్ ఉల్రికుస్ హామర్స్‌హాయిమ్, సాందవాగుర్ ఊరివాడు. రెండేళ్లకు, 1846లో, ఆయన ఫారో భాషకు వర్ణక్రమం స్థిరపరిచాడు. పలికే తీరు ఊరూరికీ మారుతుంది కాబట్టి ఏ ఒక్క ఊరి పలుకునూ పట్టుకోకుండా పాత నార్స్ మూలాలను ఆధారం చేసుకున్నాడు. పలకని అక్షరాలు కొన్ని రాతలో మిగిలాయి. పిల్లలకు కొంచెం కష్టం. ఏ దీవివాడికీ అది పక్కదీవి భాషలా అనిపించదు, అదే దాని లాభం. ఆయన ఆ రాతలో మొదట అచ్చువేసినవి కూడా జానపద కథలు, గాథలే.

రాతలో కనిపించిన సొంత భాషను జనం వెంటనే గుండెకు హత్తుకున్నారనుకోకండి. అంతకుముందే, 1823లో, ష్రోటర్ పాదిరి మత్తయి సువార్తను ఫారోలోకి అనువదించి ఇంటింటికీ పంచితే చాలామందికి నచ్చలేదు. తరాలుగా దేవుడి మాట డేనిష్‌లో విన్నవాళ్లకు పొలంలో మాట్లాడే భాష గుడిలో వినబడటం అమర్యాదగా తోచింది. సొంత భాష మీద ఆ చిన్నచూపు ఎంత లోతుగా దిగుతుందో, దాన్ని అనుభవించిన ఏ జాతికైనా తెలుసు. ఆ చిన్నచూపు సోకని చోటు ఒక్క నాట్యం గదే.

1870లలో కోపెన్‌హాగన్‌లో చదువుకుంటున్న ఫారో యువకులు తమ కూడికల కోసం సొంత భాషలో పాటలు రాయసాగారు. ఇవి గాథల్లా వందల చరణాలు కావు. మూడు నాలుగు చరణాలు, ఇంటి మీద బెంగ, కొండలు, అలలు, మంచు. అప్పటి ఉత్తర ఐరోపా దేశాలన్నిటా వీస్తున్న గాలి అదే. 1877లో ఫ్రీద్రికుర్ పీటర్సన్ అనే 24 ఏళ్ల యువకుడు తన దీవుల మీద రాసిన పాట ఇంటింటికీ పాకింది. జాతీయ గీతం రాకముందు దశాబ్దాల పాటు దాదాపు ఆ స్థానంలో ఉన్నది ఆ పాటే. ఈ పీటర్సన్ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

1888 డిసెంబర్ 22న 'దిమ్మలేటింగ్' పత్రికలో తొమ్మిది మంది సంతకాలతో ఒక ప్రకటన వెలువడింది. క్రిస్మస్ మర్నాడు టోర్స్‌హావ్న్‌లోని శాసనసభ భవనానికి రండి, ఫారో భాషనూ ఆచారాలనూ ఎలా కాపాడుకోవాలో మాట్లాడుకుందాం అని దాని సారాంశం. ఆ రోజు వాతావరణం బాగాలేదు, అయినా జనం వచ్చారు. ఫారో చరిత్రలో దాన్ని 'క్రిస్మస్ సభ' అంటారు. బడిలో ఫారో భాష చెప్పాలి, దీవుల చరిత్ర నేర్పాలి, చర్చిలో పాదిరికి ఫారోలో మాట్లాడే స్వేచ్ఛ ఉండాలి అన్న కోరికలు తీర్మానాలయ్యాయి. ఆ సభను జనం గుండెల్లో నిలిపింది మాత్రం ఒక కవిత. సమయం ఆసన్నమైంది, చేయి చేయి కలపండి, మాతృభాషను నిలబెట్టండి అని పిలిచే కవిత. రాసినవాడు చిర్చుబోవూర్ రైతు కుటుంబానికి చెందిన 22 ఏళ్ల యోవన్నెస్ పాటుర్సన్, చదివి వినిపించినవాడు రాస్ముస్ ఎఫర్సో. కొద్ది రోజుల్లో, 1889 జనవరి 6న, ఫోరింగాఫెలాగ్ అనే సంఘం పుట్టింది. మరుసటి ఏడాది ఫారో భాషలో తొలి పత్రిక. ఉపన్యాసాల సారాంశం ఇవాళ పరిశోధకులకే తెలుసు. కవిత ఇప్పటికీ అందరికీ తెలుసు.

1899లో ఇద్దరు ఉపాధ్యాయులు, సీమున్ అవ్ స్కారి, రాస్ముస్ రాస్ముసెన్, క్లాక్స్‌వీక్ దగ్గర ఒక పొలంలో జానపద ఉన్నత పాఠశాల తెరిచారు. డెన్మార్క్‌లో గ్రుండ్‌విగ్ (గాథలు సేకరించిన స్వెండ్ తండ్రి) ఆలోచనలతో మొదలైన బడుల తరహాలో, పరీక్షలూ పట్టాలూ లేకుండా పల్లె యువతకు చరిత్ర, భాష, లోకజ్ఞానం నేర్పే చోటు. పాఠాలు ఫారో భాషలో. ఇలాంటి బడుల్లో పాట పక్క వ్యాపకం కాదు, పాఠం పాటతోనే మొదలవుతుంది. రాస్ముసెన్ 1909లో ఫారో భాషలో తొలి నవల రాశాడు. సీమున్ 1906 ఫిబ్రవరి 1న ఒక గీతం రాశాడు. 'మీట్ ఆల్‌ఫాగ్రా లాండ్'. టోర్స్‌హావ్న్ యువకుడు పేతుర్ ఆల్బెర్గ్ దానికి బాణీ కట్టాడు. నేడు ఫారో జాతీయ గీతం అదే.

అందులో రాజు లేడు, కత్తి లేదు, శత్రువు లేడు. వేసవి వెలుగు ఉంది, చలికాలంలో ప్రాణాలు తీసే తుఫాను కూడా ఉంది. దేశం అందాన్ని పొగుడుతూ అది మనుషుల్ని మింగుతుందన్న నిజం కూడా చెప్పడం నాకెంతో గౌరవం కలిగిస్తుంది. ప్రతి ఇంట్లోనూ సముద్రంలో పోయినవాడొకడున్న జాతి, ఆ మాట దాటవేసి తన గీతం పాడుకోలేదు. చివర దేవుడి ముందు తలవంచి చేసుకునే వేడుకోలు.

అదే 1906లో ఫారో రాజకీయం నిట్టనిలువునా చీలింది. పన్నుల మీదా పాలన మీదా దీవులకు మరింత అధికారం తీసుకుందామా, డెన్మార్క్‌తో ఉన్న బంధం అలాగే ఉంచుదామా? స్వపాలన పక్షానికి నాయకుడు క్రిస్మస్ సభ కవి యోవన్నెస్ పాటుర్సన్. ఎదుటి పక్షం, డెన్మార్క్‌తో కలిసుందామన్న సమైక్య పార్టీ. దాని తొలి నాయకుడు ఎవరనుకున్నారు? 1877 నాటి పాట రాసిన ఫ్రీద్రికుర్ పీటర్సన్. అప్పటికి దీవుల చర్చికి పెద్ద. ఆ ఎన్నికల్లో గెలిచింది కూడా సమైక్యవాదులే.

దీవులను అంత ప్రేమగా పాడినవాడు విడిపోవద్దన్నాడు. ఈ విషయం చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. దేశభక్తి గీతం రాసినవాడు ఫలానా రాజకీయమే నమ్మాలని మనం తొందరపడి తీర్మానించేస్తాం. పీటర్సన్ పాటను స్వపాలనవాదులు మానలేదు. పాటుర్సన్ వైపు జనం పాడే పాటలను సమైక్యవాదులు మానలేదు. ఎన్నికల సభల్లో నిప్పులు కక్కుకున్న అన్నదమ్ములు పెళ్లి వలయంలో ఒకరి చేయి ఒకరు పట్టుకోవలసిందే, మెలికలు తిరిగే వలయంలో ఒకరి ముఖం ఒకరు చూడవలసిందే. ఆ ఒత్తిడి చిన్న సమాజాలకే ఉంటుంది. వేలల్లో ఉన్న జనం ఎవరినీ వదులుకోలేరు.

భాష పోరు ఇంకా చాలాకాలం సాగింది. 1912లో వచ్చిన నిబంధన పాఠాలు డేనిష్‌లో చెప్పాలంది; లూయీ జాకారియాసెన్ అనే ఉపాధ్యాయుడు అది పాటించలేనని నిలబడ్డాడు. బడిలో ఫారో భాషకు డేనిష్‌తో సమాన హోదా దక్కింది 1938లో. అంటే గీతం పుట్టాక 32 ఏళ్ల పాటు పిల్లలు తమ దేశం పాటను ఒక భాషలో పాడి, లెక్కలూ భూగోళమూ మరో భాషలో చదివారు.

ఏటా జూలై 28, 29 తేదీల్లో టోర్స్‌హావ్న్‌లో ఓలావ్‌సోకా పండుగ జరుగుతుంది. నార్వే రాజు సెయింట్ ఓలావ్ స్మారక దినం అది. 29న చర్చిలో ప్రార్థన, ఊరేగింపు, శాసనసభ ప్రారంభం. ఆ రాత్రి వేలాది జనం నడివీధి మైదానంలో, చాలామంది జాతీయ దుస్తుల్లో, గుమిగూడి అర్ధరాత్రి కలిసి పాడతారు. పాటల పుస్తకం పంచుతారు, వేదిక మీద నాయకత్వం ఉంటుంది, పాడేది మాత్రం జనం. 19వ శతాబ్దపు దేశభక్తి పాటలు, పిల్లల పాటలు, కొత్తవీ పాతవీ. అవి ముగిశాక అక్కడే చేతులు కలుస్తాయి. వలయం కడుతుంది. చిన్న పాట నుంచి పెద్ద గాథలోకి, కూర్చిన బాణీ నుంచి పాదాల తాళంలోకి ఒక్క అడుగులో దాటిపోతారు. రెండు వందల ఏళ్ల సంగీత చరిత్ర ఆ ఒక్క రాత్రిలో వెనక్కి నడుస్తుంది. జనాభా యాభై వేలు దాటిన దేశంలో అంతమంది ఒకచోట చేరి పాడటమంటే దామాషాలో ఎంత పెద్ద సంగతో ఊహించండి.

2020 డిసెంబర్‌లో స్ట్రేమోయ్, ఎస్తురోయ్ దీవులను కలుపుతూ సముద్రం అడుగున సుమారు 11 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. దాని మధ్యలో, నీటి కింద, వాహనాలు తిరిగే కూడలి ఉంది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. ఆ కూడలి నడిమి స్తంభం చుట్టూ ఏ బొమ్మలు పెట్టాలన్న ప్రశ్నకు కళాకారుడు త్రోందుర్ పాటుర్సన్ ఇచ్చిన జవాబు, చేతులు పట్టుకుని వలయం కట్టిన ఉక్కు మనుషులు. రేడియో పెట్టుకుంటే సొరంగం కోసం కూర్చిన సంగీతమూ వినిపిస్తుంది. కొత్త ఇంజనీరింగ్ గర్వానికి ఆ జాతి ఎంచుకున్న గుర్తు పాత పొగగది నాట్యమే.

1906 గీతం గురించి ఒక మాట మిగిలింది. దాని చివరి చరణంలో, దీవులను నిలబెట్టే పతాకాన్ని మోసే ధైర్యం ఇమ్మని వేడుకుంటారు. ఆ మాట రాసేనాటికి ఫారోకు పతాకమే లేదు. 13 ఏళ్ల తర్వాత, 1919 జూన్ 22న, ఫామ్యిన్ అనే మారుమూల పల్లెలో ఒక పెళ్లి జరిగింది. కోపెన్‌హాగన్‌లో చదువుతున్న ఆ ఊరి కుర్రాడు యెన్స్ ఒలివర్ లిస్బెర్గ్ తాను మిత్రులతో కలిసి రూపొందించిన తెలుపు, ఎరుపు, నీలం జెండా వెంట తెచ్చాడు. దానికి ఏ ప్రభుత్వమూ అనుమతి ఇవ్వలేదు. అనుమతి ఇచ్చింది డెన్మార్క్ కాదు, 1940 ఏప్రిల్ 25న, దీవులను ఆక్రమించిన బ్రిటిష్ వాళ్లు. ఆ జెండా కథ, దాని కింద ఇంగ్లండ్‌కు చేపలు మోసుకెళ్లిన ఫారో నావికుల కథ వచ్చే భాగంలో.